అసలు క్రిస్మస్ చెట్టు, పురుగులు లేని ఇల్లు: ప్రాజెక్టు డైరీ

నవంబరు చివరి వారం: పథకం

ఈసారి ఇంట్లో ప్లాస్టిక్ చెట్టు కాదు, అసలు చెట్టు పెడుతున్నాం. తోటలో పెరిగిన ఫర్ చెట్టును మొదలంటా కోసి తెస్తారు. ఆ వాసన కోసం, ఆ పచ్చదనం కోసం ఇంట్లో అందరూ ఎదురుచూస్తున్నారు. చెట్టుతోపాటు వచ్చే పురుగుల బాధ్యత నేను తీసుకున్నాను. ఏ దశలో ఏం చేశానో, ఏది పనికొచ్చిందో, ఏది అక్కర్లేదో ఎప్పటికప్పుడు ఇక్కడ రాసి పెడుతున్నాను.

తల దాటే ఎత్తుకు చెట్టు పెరగడానికి దాదాపు 7 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు ఆరుబయట ఎండకూ వానకూ నిలబడ్డ చెట్టు మీద ఏ ప్రాణీ లేకుండా ఉండటం జరిగే పని కాదు. చలి ముదిరేసరికి ఆ ప్రాణులన్నీ గుడ్లుగానో, పిల్లపురుగులుగానో, పెద్ద పురుగులుగానో బెరడు సందుల్లో, రెమ్మల మొదళ్లలో నిద్రావస్థలోకి వెళ్లిపోతాయి. చెట్టును కోసిన సంగతి వాటికి తెలియదు. వెచ్చటి గదిలో పెట్టగానే చలికాలం పోయినట్టు లెక్క, ఒక్కొక్కటే మేలుకుంటాయి. గుడ్లు పగులుతాయి, పెద్దవి నడక మొదలుపెడతాయి, వెలుతురున్న కిటికీ వైపు చేరతాయి.

నా పథకమంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. అవి నిద్రలో ఉన్నప్పుడే, చెట్టు ఇంకా గడప దాటకముందే, వీలైనన్నిటిని వదిలించాలి. గడప దాటాక మన చేతిలో మిగిలేది చాలా తక్కువ.

సామాన్లు సిద్ధం చేశాను. పాత తెల్ల దుప్పటి, 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, టార్చిలైటు, చేతిరంపం, కొమ్మలు కత్తిరించే కత్తెర, పెద్ద బకెట్, పొడవాటి గొట్టం ఉన్న వాక్యూమ్ క్లీనర్, పొలాల్లో వేలాడదీసే పసుపు జిగురు అట్టలు, మూత ఉన్న గాజు సీసా. పురుగుమందు డబ్బా మాత్రం ఈ జాబితాలో లేదు. ఎందుకో తర్వాత విడిగా రాస్తాను.

డిసెంబరు మొదట్లో: చెట్టు ఎంపిక

సగం పని ఎంపిక దగ్గరే తేలిపోతుంది. అమ్మేచోట చెట్లన్నీ వల చుట్టి నిలబెట్టి ఉంటాయి. వలలో ఉన్నంతసేపూ కొమ్మలు కాండానికి అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి లోపల ఏముందో కనబడదు. అందుకని వల విప్పి చూపించమని అడిగాను. అడిగితే విప్పుతారు. విప్పం అని చెప్పినచోట కొనకపోవడమే మంచిది.

మొదట సూది ఆకుల అడుగు భాగం చూశాను. ఫర్ చెట్ల ఆకు అడుగున రెండు తెల్లటి గీతలు సహజంగానే ఉంటాయి. అవి తెగులు కాదు, ఆకు గాలి పీల్చుకునే రంధ్రాల వరుసలు. ఆ గీతల మీద గోధుమరంగులో సన్నటి పొలుసులు అంటుకుని ఉన్నా, పక్కన తెల్లటి మైనపు పోగులున్నా అది పొలుసు పురుగు. ఆసియా నుంచి వచ్చిన పొడుగు పొలుసు పురుగు ఒకటి 1908లో న్యూయార్క్‌లో మొదటిసారి కనబడింది. హెమ్లాక్ చెట్లతో మొదలుపెట్టి ఫర్ చెట్లకూ పాకింది. ఇంట్లో మనుషులకు దానివల్ల ఏ హానీ లేదు. కానీ పండగయ్యాక ఆ చెట్టును పెరట్లో పడేస్తే చుట్టుపక్కల ఉన్న చెట్లకు అంటుకుంటుంది. అలాంటి ఆకులు కనబడిన చెట్టును వదిలేశాను.

తర్వాత కాండం. దూది చల్లినట్టు తెల్లటి మచ్చలున్నాయేమో, గుండుసూది మొనంత రంధ్రాలూ వాటి కింద మెత్తటి రంపపు పొట్టూ ఉన్నాయేమో చూడాలి. రంధ్రాలూ పొట్టూ బెరడు తొలిచే పెంకుపురుగుల గుర్తులు. ఇంట్లో కుర్చీలనూ తలుపులనూ తొలిచేస్తాయేమో అని చాలామంది భయపడతారు. అలా జరగదు. వాటికి పచ్చి బెరడు, అందులోని తడి కావాలి. ఆరిపోయిన కలపలో అవి బతకలేవు.

దూది మచ్చల సంగతి కాస్త ఎక్కువ రాయాలనిపిస్తోంది. మేం చివరికి ఎంచుకున్నది ఫ్రేజర్ ఫర్. ఈ చెట్టు సొంతచోటు అమెరికాలోని దక్షిణ అపలాచియన్ పర్వతాల ఎత్తైన శిఖరాలు. యూరప్ నుంచి ఉత్తర అమెరికాకు 1900 ప్రాంతంలో చేరిన బాల్సమ్ ఉన్ని పురుగు 1957లో అక్కడి మౌంట్ మిచెల్ శిఖరం మీద బయటపడింది. ఒంటి చుట్టూ తెల్లటి మైనపు ఉన్ని అల్లుకుని, బెరడులోకి నోరు దించి ఒకేచోట కూర్చుండిపోయే ఆవగింజకన్నా చిన్న పురుగు అది. రెక్కలు కూడా ఉండవు. అలాంటిది ఆ కొండల మీది పెద్ద ఫ్రేజర్ ఫర్ చెట్లలో చాలావాటిని ఎండబెట్టేసింది. తోటల్లో పెంచేవాళ్లు ఈ చెట్టును కంటికి రెప్పలా చూసుకోవడానికి కారణం అదే. కాండం మీద తెల్లమచ్చ కనబడితే మన గదికి ఏమవుతుందో అని కాదు, ఆ చెట్టును చివరికి ఎక్కడ పారేస్తామో అని ఆలోచించాలి.

కొమ్మల మధ్య పాత పిట్టగూళ్లున్నాయేమో కూడా వెతికాను. గూడు అందంగా ఉంటుంది, అలంకారంలా వదిలేయాలనిపిస్తుంది. కానీ పిట్టల ఒంటి మీది నల్లులు (మంచం నల్లులు కావు, మైట్స్ అనే అతి చిన్న ప్రాణులు) ఆ గూట్లోనే దాక్కుంటాయి. గూడు కనబడితే తీసేయాల్సిందే.

తాజాదనం పరీక్ష సులువు. ఫర్ ఆకును వేళ్ల మధ్య మడిస్తే, తాజాది అయితే పుటుక్కున విరుగుతుంది. పైన్ ఆకు దీనికి వ్యతిరేకం, తాజాగా ఉంటే వంగుతుందే తప్ప విరగదు. లోపలి కొమ్మల్లో గోధుమరంగు ఆకులు కొన్ని రాలితే కంగారు అక్కర్లేదు, అవి పాతవి. కొమ్మల చివర్ల పచ్చటి ఆకులు రాలితే మాత్రం ఆ చెట్టు కోసి చాలాకాలమైందని అర్థం. పురుగులకూ తాజాదనానికీ సంబంధం ఏమిటంటే, రసం పీల్చే పురుగు చెట్టులో రసం ఉన్నంతకాలం కొమ్మను పెద్దగా వదలదు. చెట్టు ఎండేకొద్దీ కిందికి దిగి తిరగడం మొదలుపెడుతుంది.

కొన్ని తోటల్లో చెట్టు మొదలును బిగించి పట్టుకుని గడగడా వణికించే యంత్రం ఉంటుంది. మేం వెళ్లినచోట ఉంది, పెట్టించాం. ఎండాకులు, పాత పిట్టరెట్టలు, ఏవేవో పొట్టులు కుప్పగా రాలాయి. ఈ ఒక్క పనితో రావాల్సిన అతిథుల్లో ఎక్కువమంది అక్కడే ఆగిపోతారని నా నమ్మకం. యంత్రం ఉన్న తోట కోసం కాస్త దూరమైనా వెళ్లవచ్చు.

షెడ్డులో

చెట్టును నేరుగా హాల్లోకి తేలేదు. హీటరు లేని షెడ్డులో దించాం. ముందుగా మొదలు దగ్గర 2 సెంటీమీటర్ల మందాన ఒక బిళ్ల కోసేశాను. కోసిన చోట కొన్ని గంటల్లోనే జిగురు పట్టి నీటి దారులు మూసుకుపోతాయి, అందుకే ఇంటికి వచ్చాక కొత్త కోత తప్పనిసరి. కోత అడ్డంగా, సమంగా ఉండాలి. స్టాండులో పట్టడం లేదని కొందరు మొదలు చుట్టూ బెరడు చెక్కేస్తారు. అది వద్దు, నీళ్లను పైకి తీసుకెళ్లే పొరలు బెరడు పక్కనే ఉంటాయి. కోసిన వెంటనే బకెట్లో మామూలు నీళ్లు పోసి నిలబెట్టాను.

ఒక రాత్రి అలా వదిలేస్తే కొమ్మలు వాటంతట అవే కిందికి వాలి చెట్టు విచ్చుకుంటుంది. వల కట్టినప్పుడు కనబడని సందులన్నీ తెరుచుకుంటాయి. షెడ్డు చల్లగా ఉండాలి, ఇది ముఖ్యం. వెచ్చగా ఉంటే పురుగులు అక్కడే మేలుకుని బెరడును గట్టిగా పట్టుకుంటాయి. చలిలో మొద్దుబారి ఉంటే ఒక్క దెబ్బకు రాలిపోతాయి.

మర్నాడు పొద్దున్నే దుప్పటి పరిచాను. ఒకరు చెట్టును నిలువుగా ఎత్తి మొదలును నేలకేసి దబదబా కొట్టడం, ఇంకొకరు కర్రతో కొమ్మలను ఒక్కొక్కటే తట్టడం. పురుగుల మీద పనిచేసే శాస్త్రవేత్తలు అడవుల్లో పురుగులను లెక్కపెట్టడానికి వాడే పద్ధతి కూడా సరిగ్గా ఇదే, కొమ్మ కింద తెల్లగుడ్డ పట్టి కర్రతో తడతారు. చెట్టును నాలుగు వైపులా తిప్పుతూ తట్టాం. దుప్పటి నిండా ఆకులూ దుమ్మూ చేరాయి. మొదట చూస్తే అందులో ప్రాణమున్నది ఏదీ లేదనిపిస్తుంది. టార్చి వెలుతురులో కాసేపు ఓపిగ్గా చూస్తే ఆ దుమ్ములోంచి ఒక్కొక్కటి కాళ్లు చాపడం మొదలుపెట్టింది.

అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నవి బెరడు పేలు. పేరు చూసి భయపడక్కర్లేదు, తలలో పేలకూ వీటికీ సంబంధం లేదు. 2 మిల్లీమీటర్లు కూడా ఉండని బూడిదరంగు మెత్తటి పురుగులు, బెరడు మీద పట్టే బూజునూ పుప్పొడినీ తిని బతుకుతాయి. వీటి ఒంట్లో నీరు నిలవాలంటే చుట్టూ గాలి తేమగా ఉండాలి. చలికాలంలో హీటరు నడిచే గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అవి లోపలికి వచ్చినా ఎక్కువకాలం నిలవవు.

సాలీళ్లు కొన్ని. పెసర గింజంత అక్షింతల పురుగు ఒకటి, ఎర్రగా, మచ్చలతో, కాళ్లు ముడుచుకుని. ఇవి రెండూ మిత్రపురుగుల కోవలోవే, చెట్టు మీద పేనుబంకను తిని పెట్టినవి. సాలీడు పురుగు కాదు, అది వేరే జాతి ప్రాణి. అయినా మేలు చేసే పనిలో లోటు లేదు. వీటిని చంపాల్సిన అవసరం నాకు కనబడలేదు. సీసాలోకి ఎక్కించి, గోడ వెంబడి ఎండాకుల కుప్పలో వదిలాను. చలికి చచ్చిపోతాయేమో అని మా అమ్మాయి బెంగపడింది. అవి మొన్నటిదాకా ఉన్నది ఆ చలిలోనే. గది వెచ్చదనంలో తినడానికి ఏమీ దొరక్క చావడం కన్నా ఇది వాటికి నయం.

ఇంతలో తనే ఇంకొకటి చూసింది.

"నాన్నా, ఇది పిడుదు కదూ? కుక్కలకు పట్టేది?"

నల్లగా, గుండ్రంగా, పొడవాటి కాళ్లతో నిజంగానే పిడుదులా ఉంది.

"కాళ్లు లెక్కపెట్టమ్మా."

భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఆరు."

"పెద్ద పిడుదుకు ఎనిమిది ఉంటాయి. ఇప్పుడు వెనకవైపు చూడు."

వీపు చివర రెండు చిన్న బొడిపెలు. అవి కనబడితే ఇక అనుమానం లేదు, పేనుబంక. పొలాల్లో మిరప మీదా పత్తి మీదా చూసే పేనుబంకకు ఇది అడవి బంధువు. సినారా అనే జాతి, పైన్, ఫర్, స్ప్రూస్ లాంటి చెట్ల మీదే బతుకుతుంది. మామూలు పేనుబంక కన్నా బాగా పెద్దది, 5 మిల్లీమీటర్ల దాకా పెరిగేవీ ఉన్నాయి. మనిషిని కుట్టదు, కుండీల్లో పెంచుకునే మొక్కల జోలికి పోదు. అయితే ఆడపురుగు మగదానితో పనిలేకుండా నేరుగా పిల్లల్ని పెడుతుంది కాబట్టి వెచ్చటి గదిలో సంఖ్య చూస్తుండగానే పెరుగుతుంది. ఇంకో గుణం కూడా ఉంది. నలిపితే ఒంట్లోంచి ఎర్రటి, ఊదారంగు రసం వచ్చి గోడకూ తివాచీకీ మరక పడుతుంది. ఇంట్లో అందరికీ ఒకటే మాట చెప్పాను: చేత్తో నలపొద్దు, గుడ్డతో తుడవొద్దు.

నల్లుల కోసం వేరే పరీక్ష చేశాను. తెల్ల కాగితం మీద రెమ్మను గట్టిగా విదిలిస్తే దుమ్ము పడుతుంది. ఆ దుమ్ములో నడిచే చుక్కలుంటే అవి నల్లులు. మెల్లగా కదిలేవి ఆకు రసం పీల్చేవి, చురుగ్గా పరుగెత్తే ఎర్రటివి తరచుగా వాటిని తినే మిత్రనల్లులు. మా చెట్టులో రెండు రకాలూ కనబడ్డాయి, చాలా కొద్దిగా. వీటికోసం ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. చెట్టు మీదే పుట్టి అక్కడే పోతాయి.

దుప్పటిని నాలుగు మూలలూ కలిపి పట్టుకుని బయట పొదల దగ్గర దులిపి, అదే పనిని మళ్లీ మొదటినుంచి చేశాం. రెండోసారి రాలినవి ఎంత తక్కువో చూస్తే, ఎందుకు ఆగకుండా ఇంకోసారి తట్టాలో అర్థమవుతుంది. దుప్పటి మీద దాదాపు ఏమీ పడనప్పుడు ఆపేశాను.

అదే రోజు సాయంత్రం: గుడ్ల వేట

దెబ్బకు రాలనివి గుడ్లు. అవి చెట్టుకు అంటించి ఉంటాయి. అందుకని టార్చి పట్టుకుని కింది కొమ్మ నుంచి పైదాకా కొమ్మ కొమ్మా చూశాను. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

వెతకాల్సిన వాటిలో మొదటిది గొల్లభామ గుడ్ల గూడు. అక్రోటు కాయంత ఉంటుంది, లేత గోధుమరంగు నురగ గట్టిపడినట్టు రెమ్మను చుట్టి ఉంటుంది. ఒక్క గూట్లో వందలాది గుడ్లు ఉండవచ్చు. వెచ్చటి గదిలో కొన్ని వారాలుంటే అన్నీ ఒకేసారి పగిలి, దారపు ముక్కల్లాంటి పిల్ల గొల్లభామలు తెరల మీదా గోడల మీదా పాకుతాయి. తినడానికి ఏమీ లేక ఒకదాన్నొకటి తింటాయి. మా చెట్టులో నడిమి కొమ్మల దగ్గర ఒక గూడు దొరికింది. దాన్ని పీకలేదు. అటూ ఇటూ కాస్త రెమ్మ ఉండేలా కత్తిరించి, బయట ఏడాది పొడవునా పచ్చగా ఉండే పొదలో, నేలకు మీటరు ఎత్తున దారంతో కట్టాను. నేల మీద పడేస్తే చీమలూ ఎలుకలూ తినేస్తాయి. తోటలో చీడపురుగులను పట్టి తినే ప్రాణి అది, అవకాశం ఉన్నప్పుడు కాపాడుకోవాలి.

రెండోది బయటి దేశాల నుంచి వచ్చి పడ్డ పురుగుల గుడ్లు. స్పాంజీ రెక్కల పురుగు గుడ్ల సముదాయం బెరడు మీద పాత తోలుముక్క అంటించినట్టు, నూగుతో ఉంటుంది. ఒక్కోదాంట్లో వందల గుడ్లు. 2014లో పెన్సిల్వేనియాలో మొదట పట్టుబడ్డ మచ్చల లాంతరు పురుగు పెట్టే గుడ్లు చూడటానికి ఎండిన బురద మరకలా ఉంటాయి, ఒక్కో మరకలో 30 నుంచి 50. ఇవి ఉన్న ప్రాంతాల్లో ఉండేవాళ్లు బెరడు మీది "బురద"ను గోటితో గీకి చూడటం అలవాటు చేసుకోవాలి. దొరికితే వదిలిపెట్టకూడదు. గీకి, సబ్బునీళ్లలో గానీ మద్యసారంలో గానీ ముంచాలి, ఆపైన అక్కడి వ్యవసాయ శాఖకు చెప్పాలి. మా చెట్టులో ఇవేవీ లేవు.

మూడోది పేనుబంక గుడ్లు. సూది ఆకు మీద నల్లగా మెరుస్తూ వరసగా పెట్టి ఉంటాయి, చిన్న చిన్న బియ్యపు నూకల్లా. ఒక పక్క రెండు రెమ్మల చివర్లలో కనబడ్డాయి, ఆ రెమ్మలు కత్తిరించేశాను. ఇవి అన్నీ దొరికాయని మాత్రం అనుకోలేదు. వేల ఆకులున్న చెట్టులో ప్రతి ఆకూ చూడటం ఎవరివల్లా కాదు. అందుకే తర్వాతి దశ అవసరమైంది.

లోపలికి

స్టాండు పెట్టే చోటు గురించి బాగా ఆలోచించాను. హీటరుకు దూరంగా, వేడిగాలి తగలని మూల. గది ఎంత చల్లగా ఉంటే నిద్రలో ఉన్నవి అంత ఆలస్యంగా లేస్తాయి, చెట్టూ అంత నెమ్మదిగా ఎండుతుంది. స్టాండు కింద తెల్లటి గుడ్డ పరిచాను. రంగురంగుల గుడ్డ చూడటానికి బాగుంటుంది, కానీ తెల్లగుడ్డ మీద ఏం రాలినా పొద్దున్నే కనబడుతుంది. కానుకలు మాత్రం ఆ గుడ్డ మీద కాకుండా పక్కన ఒక బల్ల మీద పెట్టుకుందామని అనుకున్నాం.

నీళ్ల లెక్క ఇది. కాండం అడ్డుకొలతలో ప్రతి 2.5 సెంటీమీటర్లకు రోజుకు దాదాపు లీటరు పట్టేంత తొట్టి ఉండాలి. 10 సెంటీమీటర్ల కాండమైతే 4 లీటర్లు. మొదటి రోజు చెట్టు ఎక్కువ తాగుతుంది. కోత అంచు ఎప్పుడూ నీటిలోనే మునిగి ఉండాలి, ఒక్క పూట బయటపడినా మళ్లీ జిగురు పడుతుంది. చక్కెర, ఆస్పిరిన్, ఎరువు ఇలాంటివేవీ వేయలేదు. మామూలు నీళ్లు చాలు.

దగ్గర్లోని కిటికీ గూట్లో ఒక పసుపు జిగురు అట్ట, చెట్టు వెనక గోడ దగ్గర ఇంకొకటి. అట్టలు పురుగుల్ని అంతం చేస్తాయని కాదు. ఏవి లేచాయో, ఎప్పుడు లేచాయో ముందుగా చెప్పే కబురు అవి. వేడెక్కని ఎల్‌ఈడీ దీపాలే చుట్టాం.

పండగ దగ్గరపడ్డాక

మొదట్లో అట్టల మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. తెల్లగుడ్డ మీద అప్పుడప్పుడు చచ్చిన బెరడు పేలు. ఇది అనుకున్నదే.

ఆ తర్వాత ఒక పొద్దున కిటికీ అట్ట మీద రెండు పిల్ల పేనుబంకలు అంటుకుని కనబడ్డాయి. వెంటనే చెట్టును గమనిస్తే ఎండపడే వైపున్న ఒక కొమ్మ మీద చిన్న గుంపు. ఎండ తగిలిన కొమ్మ మిగతా చెట్టుకన్నా ముందు వేడెక్కింది, అక్కడి గుడ్లు ముందు పగిలాయి. అట్ట లేకపోతే ఆ గుంపు గోడెక్కేదాకా తెలిసేది కాదు.

పని చాలా తేలిగ్గా అయిపోయింది. దీపాల ప్లగ్గు తీసి, వాక్యూమ్ గొట్టానికి సన్నమూతి తగిలించి, కొమ్మకు కాస్త ఎడంగా పట్టుకుని మొదలు నుంచి చివరికి మెల్లగా లాగాను. నీళ్లున్న తొట్టి వైపు గొట్టం పోకుండా చూసుకోవాలి. తర్వాత కిటికీ అంచు, తెల్లగుడ్డ, గోడ మూల. ఒక్కటి కూడా నలగలేదు, మరక పడలేదు. చివర్లో దుమ్ము సంచిని తీసి మూతి కట్టి బయటి చెత్తడబ్బాలో వేశాను. ఈ చివరి పని మరవకూడదు, వాక్యూమ్ పీల్చినంత మాత్రాన పురుగు చావదు, సంచి లోపలే ఉంటే మళ్లీ గొట్టం గుండా వస్తుంది. ఆపైన ఎండ వేళల్లో ఆ కిటికీకి తెర వేసి ఉంచాం. రోజూ నీళ్లు పోసేటప్పుడు ఆ వైపు కొమ్మలు చూడటం అలవాటైంది. తర్వాత ఒకటీ అరా తప్ప గుంపులు కనబడలేదు.

మందు ఎందుకు కొట్టలేదంటే

చూసినవాళ్లందరూ అడిగిన ప్రశ్న ఇదే. స్ప్రే డబ్బాలో మందును బయటికి తోసేది చాలావాటిలో మండే వాయువు, బ్యూటేనో ప్రొపేనో. జిగురుతో నిండిన చెట్టు, దానికి చుట్టిన విద్యుత్ దీపాలు, మధ్యలో ఆ వాయువు. ఈ మూడింటినీ ఒకచోట చేర్చే పని నేను చేయను, ఎవర్నీ చేయనివ్వను. గది మొత్తం పొగ నింపే డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది. పైగా వాటివల్ల వచ్చే లాభం కూడా లేదు. ఈ పురుగులు ఇంట్లో కాపురం పెట్టేవి కావు. వాటికి కావలసిన రసం, బూజు, తేమ మన గదుల్లో దొరకవు, కొన్నాళ్లకు వాటంతట అవే పోతాయి. వాటంతట అవే పోయేవాటికోసం పిల్లలు ఆడుకునే గదిలో మందు చల్లడం ఏ రకంగానూ సరికాదు.

వేపనూనె సంగతీ ఆలోచించాను. తోటలో నేను నమ్మి వాడేదే. కానీ ఇంట్లో చెట్టు మీద కొడితే జిడ్డు నిలుస్తుంది, ఫర్ పరిమళం పోయి వేప వాసన మిగులుతుంది, కొన్ని రకాల చెట్లలో ఆకు మీది నీలిపొడి చెరిగిపోతుంది. పురుగుల్ని ఎండబెట్టి చంపే డయాటమ్ మట్టి పొడి చల్లమని కూడా కొందరు చెబుతారు. కదిపినప్పుడల్లా రాలే చెట్టు మీద ఆ సన్నపొడి చల్లితే మనమే పీల్చుకుంటాం. రెండూ పక్కన పెట్టాను.

తోరణాలు, కుండీ చెట్లు

చెట్టు మీద ఇంత శ్రద్ధ పెట్టి, తలుపుకు కట్టే పచ్చి ఆకుల చక్రాన్నీ మెట్లకు చుట్టే పచ్చి తోరణాన్నీ చూడకుండా తెస్తే పడ్డ శ్రమ వృథా. వాటిలోనూ అవే కొమ్మలు, అవే పురుగులు. వాటినీ దుప్పటి మీద విదిలించాను. తలుపు చక్రాన్ని తలుపుకు బయటివైపే కట్టాం. అలంకారానికి ఏరి తెచ్చిన పైన్ కాయల్ని వేరుగా చూడాలి, పొలుసుల సందుల్లో చాలా దాక్కుంటాయి. పొయ్యి కట్టెలు కూడా అంతే. ఆ పూటకు కావలసినన్నే లోపలికి తేవాలి. గుట్టగా తెచ్చి పొయ్యి పక్కన వెచ్చగా పేరిస్తే చెట్టు మీద వచ్చేవాటికన్నా ఎక్కువే లేస్తాయి.

వేళ్లతో కుండీలో ఉన్న చెట్టును పెట్టుకునేవాళ్లకు ఒక్క మాట. దాని మట్టిలో చీమల గూళ్లు ఉండవచ్చు, కుండీ అడుగు రంధ్రాలు చూసుకోవాలి. పైగా అది బతికి ఉన్న చెట్టు. వారం పది రోజులకు మించి వెచ్చటి గదిలో ఉంచితే అదే నిద్ర లేచి చిగుర్లు వేస్తుంది, మళ్లీ బయట పెట్టగానే ఆ చిగుర్లు చలికి మాడిపోతాయి.

జనవరి: తీసేయడం

తీసేసే రోజును ఆలస్యం కానివ్వలేదు. రోజులు గడిచేకొద్దీ పగిలే గుడ్లు పెరుగుతాయి, ఎండిన చెట్టుతో నిప్పు భయమూ పెరుగుతుంది. అలంకారాలు ఒక్కొక్కటే విప్పి, తెల్లగుడ్డ మీద విదిలించి పెట్టెల్లో సర్దాం. లేకపోతే చచ్చిన ఆకులతోపాటు గుడ్లూ పెట్టెలోకి వెళ్లి వచ్చే ఏడాదిదాకా అక్కడే ఉంటాయి. దీపాల తీగలను గుడ్డతో తుడిచాను.

తొట్టిలో నీళ్లు తోడేసి, కింద పరిచిన గుడ్డనే పైకి ఎత్తి చెట్టు చుట్టూ కప్పి, పైన పాత దుప్పటి కూడా చుట్టి తాడుతో కట్టాం. ఇద్దరం మోసుకుని నేరుగా బయటికి. హాలు నుంచి గుమ్మం దాకా రాలిన ఆకులు గుప్పెడు కూడా లేవు. తర్వాత మూలలు, తివాచీ అంచులు, సోఫా కింద, కిటికీ గూళ్లు వాక్యూమ్ చేసి, ఆ సంచినీ బయటే పడేశాను.

చెట్టును పొయ్యిలో పెట్టొద్దు. జిగురున్న కొమ్మలు ఒక్కసారిగా భగ్గుమంటాయి, పొగగొట్టంలో తారు పేరుకుంటుంది. మా చెట్టును ముక్కలు చేసే యంత్రానికి ఇచ్చాం, ఆ పొట్టు మొక్కల మొదళ్లకు పరుపుగా వెళుతుంది. పొలుసు పురుగో ఉన్ని పురుగో కనబడిన చెట్టైతే పెరట్లో వేయకుండా సంచిలో మూసి చెత్తకు పంపాలి.

కిటికీలోని జిగురు అట్టలను మాత్రం ఇంకా తీయలేదు. ఇంకొన్ని వారాలు అక్కడే ఉంచి, చెట్టు వెళ్లాక కూడా ఏవైనా పడుతున్నాయేమో చూసి ఇక్కడే రాస్తాను. స్టాండు కడిగి, పూర్తిగా ఆరాక మూతబెట్టి షెడ్డులో పెట్టాను. దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఆరేశాం.